మూగ చిన్నాయన చదివిన సినిమా

పాఠక మహాశయులారా, ప్రతి దేశాన్నీ ఏదో ఒక పరాయి సైన్యం కనీసం నెలన్నర పాటు ఆక్రమించుకోవాలని నా గట్టి అభిప్రాయం!

ఆ రాయి కాస్త కింద పెట్టి నా మాట వినండి. గాలి కబుర్లు చెప్పే రకం కాదు నేను. తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు సాల్మియాలో వంటవాణ్ణి. ఆ ట్యాంకులను తలుచుకుని ఇప్పటికీ మనసులో ఒక దండం పెట్టుకుంటాను. మా కఫీల్ అబూ నాసర్ నోరు మూయించగలిగినవి అవే మరి!

కఫీల్ అంటే మనల్ని పనికి రప్పించుకున్న యజమాని. విమానం దిగీ దిగగానే మన పాస్‌పోర్టు పుచ్చుకుని తన లాకర్లో పెట్టేస్తాడు. "నా దగ్గరైతే భద్రం" అంటాడు. ఎంత దయ! కన్నతండ్రికైనా ఉంటుందా అంత బాధ్యత?

ఇరాకీలు కువైటీల కోసం ఇల్లిల్లూ గాలిస్తున్నారు. మామా, అంటే ఆయన భార్య, పిల్లలతో వేసవికి లండన్ వెళ్లి ఉంది. ఒంటరిగా చిక్కిన అబూ నాసర్ విల్లాకు తాళం వేసి, పనిమనిషి రెడ్డెమ్మను వెంటబెట్టుకుని మా ఫ్లాటుకు పరుగెత్తుకొచ్చాడు. అది డ్రైవర్ నూర్ బాషా భార్యతో కాపురముండే రెండు గదుల కొంప. అందులో ఒక మూల నాది.

ఆయనకు నూర్ బాషా లుంగీ కట్టాం. నోరు తెరిస్తే కువైటీ అని తెలిసిపోతుంది కనుక "మా మూగ చిన్నాయన" అని వీధంతా చెప్పాం. అబ్బబ్బ, ఏం రోజులండీ అవి! మూడు కార్ల ఆసామి రొట్టె లైన్లో లుంగీ పట్టుకుని నిలబడ్డాడు. ఒక సిపాయి జాలిపడి ఇంకో రొట్టె ఎక్కువిచ్చాడు. తాగిన గ్లాసు తానే కడగడం కూడా నేర్చుకున్నాడు. ఏ యూనివర్సిటీ నేర్పుతుంది చెప్పండి ఇంత చదువు?

పొద్దు పోవాలి కదా! టీవీలో కవాతు తప్ప మరేమీ లేదు. పక్క ఫ్లాటు వాళ్లు వదిలేసి పోయిన వీడియో క్యాసెట్ ఒక్కటే దిక్కు. ఆఫ్రికాలో తెల్లదొరల మీద తిరగబడిన జనం సినిమా. మాటలు ఏ భాషో ఆ దేవుడికెరుక. కింద మాత్రం అరబ్బీ అక్షరాలు. నూర్ బాషాకు అరబ్బీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకని రోజూ మధ్యాహ్నం మూగ చిన్నాయన గుసగుసగా చదివేవాడు, నూర్ బాషా తెలుగు చేసేవాడు.

ఆ సినిమాలో తోట కూలీల కాగితాలన్నీ దొర లాక్కుని ఇనప్పెట్టెలో వేస్తాడు. "మీరైతే పారేసుకుంటారు. నా దగ్గరైతే భద్రం" అంటాడు. అది చదివి అబూ నాసర్ తొడ చరుచుకున్నాడు. "హరామ్! జుల్మ్!" అని, ఎంత పాపం, ఎంత అన్యాయం అని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆఖర్లో తిరుగుబాటుదారులు ఆ పెట్టె పగలగొడితే ఎగిరి గంతేశాడు, లుంగీ జారినా చూసుకోలేదు!

"ఈ మాట నేను యాడో ఇన్నట్టుండాదే!" అంది రెడ్డెమ్మ.

నూర్ బాషా ఆ ముక్క అరబ్బీ చెయ్యలేదు.

అంతలో కబురొచ్చింది. గురువారం పొద్దున మనవాళ్లను జోర్డాన్‌లోని అమ్మాన్ చేర్చే బస్సు ఉంది, పాస్‌పోర్టు ఉంటేనే ఎక్కిస్తారు. రెడ్డెమ్మకు ఊళ్లో మూడేళ్ల కూతురుంది. తల్లి చచ్చిందో బతికిందో కూడా ఆ పిల్లకు తెలియదు.

"బాబా, నా పాస్‌పోర్టు ఇచ్చేయి. బేస్తారం బస్సు. నా బిడ్డ కాడికి పోవాల."

"బాదేన్, బాదేన్" అన్నాడు. తర్వాత చూద్దామని. "దారిలో పోగొట్టుకుంటావు. నా దగ్గరైతే భద్రం." విల్లా తాళంచెవి, లాకరు తాళంచెవి రెండూ ఆయన మెడలోనే నల్లదారానికి వేలాడుతున్నాయి.

బుధవారం ఆయన బావమరిది కారేసుకొచ్చాడు, ఎడారి దారిన సౌదీలోకి దాటిస్తానని. సరిహద్దులో కువైటీ గుర్తింపు కార్డు చూపించాలి. సోదాల భయంతో ఆ కార్డును మొదటి రోజే రెడ్డెమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని బియ్యం మూటలో దాచింది.

"కార్డు తే! యల్లా, తొందరగా!"

రెడ్డెమ్మ చాటలోని బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తలేదు. "ఎందుకు బాబా? దారిలో పోగొట్టుకుంటావు. నా కాడైతే భద్రం."

నూర్ బాషా ఈసారి అక్షరం పొల్లుపోకుండా అరబ్బీ చేశాడు.

అబూ నాసర్ ఆమె వంక చూశాడు, టీవీ వంక చూశాడు. మెడలోని దారం తీసిచ్చాడు. రెడ్డెమ్మ విల్లాకు పరుగెత్తి తనదే కాదు, మా అందరి పాస్‌పోర్టులూ కొంగున కట్టుకొచ్చింది. తర్వాత మూటలోంచి కార్డు తీసి, ఊకదుమ్ము ఊది, రెండు చేతులా అందించింది.

"జాగర్త బాబా. పోయిరా."

ఇప్పుడు ఒప్పుకుంటారా దురాక్రమణ మంచిదని?

ఆ తర్వాత కువైట్‌కు విముక్తి వచ్చింది. అబూ నాసర్ మమ్మల్ని మరిచిపోలేదు, వీసాలు పంపాడు. ఎయిర్‌పోర్టుకు స్వయంగా వచ్చి కావలించుకుని ఏడ్చాడు. మాకూ ఏడుపొచ్చింది. కారెక్కాక కళ్లు తుడుచుకుని చెయ్యి చాపాడు. తెచ్చుకున్న పాస్‌పోర్టులు ఆ చేతిలో పెట్టేశాం.

మొన్న రెడ్డెమ్మ కూతురికి జబ్బు చేసిందని ఉత్తరమొచ్చింది. గురువారం విమానానికి వెళ్లి ఒక్కసారి చూసొస్తానంది. "బాదేన్" అన్నాడు.

కనుక మహాశయులారా, మీకు తెలిసిన సైన్యం ఏదైనా ఖాళీగా ఉంటే, చిన్నదైనా పర్వాలేదు, ఈ గురువారం లోపల పంపించండి. లుంగీ ఉతికి పెట్టాను.