మోతీ తోక, వరహాలు కుడి

ఆ ఆదివారం ఉదయం వరహాలు పెట్టుకున్న పని చిన్నది. సాయంత్రానికి అత్తగారు ఆదిలక్ష్మమ్మ పది రోజులుండడానికి ఉక్కునగరం క్వార్టర్‌కి వస్తోంది. ఆవిడకి కుక్కలంటే హడలు. అందుకని మోతీని అన్నాళ్ళూ ఎవరింట్లోనైనా ఉంచాలి. ప్రాణంగా పెంచుకున్న కుక్క, దాన్ని భయపెట్టే మనిషి చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు.

మనిషిని ఎంచే పద్ధతి ఫోన్‌లో దొరికింది. ఇష్టమైనవాళ్ళని చూస్తే కుక్క మెదడులో ఎడమ సగం పనిచేసి తోక కుడివైపు ఎక్కువ ఊగుతుందట. భయమేస్తే కుడి సగం పనిచేసి తోక ఎడమవైపు పోతుందట. వరహాలు ఇరవయ్యేళ్ళుగా ప్లాంటులో క్రేను నడుపుతున్నాడు. అక్కడ కింద ఎవరు ఎటు తిరిగి నిలబడ్డా, కుడి అంటే కేబిన్‌లో కూర్చున్నవాడి కుడే. అదే లెక్కన మోతీకి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

ముందుగా భార్య కుసుమకుమారికి అన్నయ్య దొరబాబు తగరపువలస నుంచి మోతీకోసం చేపలు పట్టుకుని వచ్చాడు. తోక వరహాలుకి ఎడమవైపు ఊగింది.

"నువ్వొద్దు బావా. నిన్ను సూత్తే దీనికి బయం."

"ఏటి బావా! సిన్నప్పట్నుంచి దీనికి సేపలెట్టినోడ్ని నాను!"

"నాను సెప్పట్లేదు. దాని కుడి మెదడు సెప్తంది."

దొరబాబు భోంచెయ్యనని గుమ్మంలో కూర్చున్నాడు. అన్న తరఫున అడగడానికి కుసుమకుమారి వంటింట్లోంచి వచ్చింది. తోక మళ్ళీ అటే ఊగింది.

"నీకూ అదే," అన్నాడు వరహాలు. ఆమె వెళ్ళి పొయ్యి ఆర్పేసింది.

సాయంత్రం పక్క క్వార్టర్ మోహనకృష్ణని పిలిస్తే తోక చక్కగా కుడివైపు పోయింది. మోతీ చెవులు కూడా వెనక్కి వాలాయి గానీ వరహాలు చెవుల గురించి చదవలేదు. గొలుసు ఆయన చేతికిచ్చాడు. పది నిమిషాల్లో మోతీ తిరిగొచ్చింది. గొలుసు చివర ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాని వెనకాల చిరిగిన లుంగీతో మోహనకృష్ణ ఉన్నాడు.

"మీ కుక్కకీ, మీకూ ఓ దండం!" అని కుర్చీ తీసుకుని వెళ్ళిపోయాడు.

కుసుమకుమారి మోతీ వెనక్కి వెళ్ళి నిలబడింది. "ఓసారి ఇటొచ్చి సూడండి. కుడంటే మీ కుడా, కుక్క కుడా?"

వరహాలు వెళ్ళి చూశాడు. ఇందాకటినుంచీ తను కుడి అన్నది దాని ఎడమ. దొరబాబు చేతులు పట్టుకుని బతిమాలుతుండగా వీధిలో ఆటో ఆగింది. ఆదిలక్ష్మమ్మ మోతీని చూసి గుమ్మంలోనే బిగుసుకుపోయింది. మోతీ తోక కుడివైపు, దాని సొంత కుడివైపు, ఊపింది. ఆవిడ రెండు వేళ్ళతో దాని తల తాకింది.

"ఇది మంచిదేనే. ఇక్కడే ఉండనీ."

వరహాలు ఆనందం పట్టలేక మోతీ ముందు కూలబడ్డాడు. తోక ఎడమవైపు పోయింది. అందరూ వెనకనించే చూశారు.

"పొద్దున్నుంచి ఎదురుగా కూకుని గుడ్లు మిటకరించి సూత్తంటే బయపడదా ఏటి?" అంది కుసుమకుమారి.

మోతీ క్షేమం కోరి అందరూ ఒక్క మాట మీదకొచ్చారు. పది రోజులకి సరిపడా బట్టలు సర్దుకుని దొరబాబు వెంట తగరపువలస బస్సెక్కినవాడు వరహాలు.