ఏడు కార్యాలయాలు తిరిగిన సీసా

వైప్పారు ఏటి పరీవాహక ప్రాంతంలో బావినీళ్ళలో ఉప్పును అదుపు చేయడానికి ఏడు ప్రభుత్వ కార్యాలయాలు ఒక సంఘంగా చేతులు కలిపాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

ఇంతకు ముందు ఇవి విడివిడిగా పనిచేసేవి. ఒకే బావి నీళ్ళను ఏడు సీసాల్లో పట్టుకెళ్ళి ఏడు రకాల ఫలితాలు చెప్పేవి. ఇది చూసేవాళ్ళకు బాగుండలేదు. అందుకని విరుదునగర్‌లో జరిగిన తొలి సమావేశంలో సమన్వయాధికారి శివరామన్ గారు చరిత్రాత్మకమైన నిర్ణయం ప్రకటించారు. "ఇకమీదట బావికి ఒకే సీసా. ఆ నీళ్ళనే అందరమూ పరీక్షిస్తాం. మనది ఒకే ఏరు, ఒకే సీసా, ఒకే మాట" అన్నారు. ఉప్పు దిగుబడి పెంచడమే పనిగా ఉన్న కార్యాలయం వారు సైతం, ఉప్పు తగ్గించే ఈ కృషికి పూర్తిగా సహకరిస్తామని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మొదటి సీసాను విళాత్తికుళం పక్క పల్లెలో, రాక్కమ్మాళ్ బావిలో నింపారు. భర్త పోయాక ఆమెకు మిగిలినవి రెండెకరాల నల్లరేగడి, ఈ బావి. ఊళ్ళో ఎన్ని బావులున్నా పప్పు ఉడికేది ఈ నీళ్ళతోనే. వేరే నీళ్ళు పోస్తే కందిపప్పు మధ్యాహ్నం దాకా పొయ్యి మీద ఉన్నా గులకరాళ్ళలాగే ఉంటుంది. అందుకే నలభై ఇళ్ళ బిందెలు పొద్దున్నే అక్కడికి చేరతాయి. మంచినీళ్ళ బావులను కాపాడతామనీ, ఉప్పునీళ్ళ బావులను మూసేస్తామనీ సంఘం ప్రకటించినప్పుడు రాక్కమ్మాళ్ ఏమీ బెదరలేదు.

"పరీచ్చ ఏందికి సామీ? పిడికెడు పప్పు ఏసి ఉడకబెట్టండి, తెలిసిపోతాది" అంది.

"పప్పు ఉడకడం ప్రభుత్వ కొలమానం కాదమ్మా" అన్నాడు సీసా నింపడానికి వచ్చిన పాండియరాజన్.

"అట్లయితే మీ ఇండ్లల్లో ఏం తింటారు?"

ఆ ప్రశ్న తన పరిధిలోకి రాదు గనుక పాండియరాజన్ సీసాకు చీటీ అంటించి వెళ్ళిపోయాడు.

అది అగ్ని నక్షత్రం ఎండల కాలం. సీసా మొదట విరుదునగర్ చేరింది. అక్కడ కొన్ని నీళ్ళు తీసి పరీక్షించి "ఉప్పు లేదు" అని రాశారు. ఈలోగా మూత ఎక్కడో పడిపోవడంతో ఒక పాత ఉత్తర్వును మడిచి బిరడాగా పెట్టారు. రెండో కార్యాలయంలో సంతకం చేయవలసిన అధికారి సెలవులో ఉన్నారు. సీసా నెలన్నర పాటు కిటికీలో, ఎండలో, ఆయన కోసం ఓపిగ్గా ఎదురు చూసింది. ఆయన వచ్చి "స్వల్పంగా ఉప్పు" అని రాశారు. మూడో కార్యాలయం వారికి ఆ ఉత్తర్వు అవసరమై, బిరడా విప్పి ఫైల్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత నీళ్ళు తగ్గాయి, ఉప్పు పెరిగింది. ఆరో చోట వేలెడు నీళ్ళు మిగిలాయి. ఏడోది కోవిల్‌పట్టిలో. అక్కడికి చేరేసరికి సీసాలో ఉన్నది అడుగున తెల్లటి పొర మాత్రమే. పరీక్షించకుండా తిప్పి పంపితే సహకారం అనిపించుకోదు. అందుకని తమ కుళాయి నుంచి నాలుగు చుక్కలు పట్టి, కలిపి, "సముద్రంతో సమానం" అని రాశారు.

ఏడు ఫలితాలనూ వరసగా చూసిన శివరామన్ గారు ఎంతో పొంగిపోయారు. "విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి వచ్చేకొద్దీ ఉప్పు పెరుగుతోందని నిరూపించాం. మనం కలిసి పనిచేయకపోయి ఉంటే ఈ ఉప్పు ఎన్నటికీ బయటపడేది కాదు" అన్నారు. ఒక్క సీసాలో ఇంత దిగుబడి తామెన్నడూ చూడలేదని ఉప్పు కార్యాలయం వారు అభినందన తీర్మానం పెట్టారు.

బావికి ఇనుప మూత, తాళం వేయాలని ఆదేశం వచ్చింది. మూత మంజూరు కాలేదు. పక్కన ఒక బోర్డు మాత్రం పాతారు. "హెచ్చరిక. ఇది ఉప్పునీరు. తాగరాదు." మూత అవసరం కూడా పడలేదు.

మర్నాడు పొద్దున నీళ్ళకు వచ్చిన పొరుగింటి మారీశ్వరి బిందె పక్కన పెట్టి బోర్డు చదివింది. దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"అవునత్తా, ఉప్పు కరస్తాండాది."

"నిన్న కరవలేదా?" అంది రాక్కమ్మాళ్.

"నిన్న తెలీదు గదా."

"పప్పు ఉడుకుతాండాది గదే?"

"పప్పుకు చదువొచ్చునా అత్తా?"

కాలేజీలో చదివిన కలైసెల్వికి కాస్త చేదు కూడా తగిలింది. వారం లోపల నలభై ఇళ్ళవాళ్ళూ రెండు మైళ్ళ అవతల, బోర్డు లేని కుళాయి దగ్గర వరస కట్టారు. అక్కడి నీళ్ళతో పప్పు ఉడకదు. అయితే ఆ నీళ్ళు ఉప్పనని ఎవరూ రాసి పెట్టలేదు.

ఊరంతటికీ ఉప్పగా ఉన్న నీళ్ళు రాక్కమ్మాళ్ ఒక్కదానికే తీయగా ఉన్నాయన్న విషయం సంఘం దృష్టికి వచ్చింది. విచారణలో ఆమెకు చదవడం రాదని తేలింది. వెంటనే పెద్దలకు చదువు చెప్పే కార్యాలయాన్ని ఎనిమిదో సభ్యసంస్థగా చేర్చుకున్నారు. ఇప్పుడు సుగన్య టీచరు రోజూ సాయంత్రం వచ్చి బావి దగ్గరే పాఠం చెబుతోంది.

మొన్న రాక్కమ్మాళ్ కూడబలుక్కుంటూ బోర్డు మీది మొదటి మాట చదివింది. ఆనక బొక్కెన దించి, చేదుకుని, కడుపు నిండా తాగింది.

"తీయగానే ఉండాది టీచరూ."

"తొందరేమీ లేదవ్వా" అంది టీచరు. "ఇంకా రెండు వాక్యాలున్నాయి."