చిన్సాగా తినకుండా బలం పొందు విధానం

హాజరైనవారు, వరుసక్రమంలో: వ్యవసాయాధికారి గారు, పోషకాహార ప్రొఫెసర్ గారు, సభ నిర్వహించిన ఆకుపొడి కంపెనీ ప్రతినిధి, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడనైన నేను, నా ధర్మపత్ని గెసారె, చిట్టచివర, తలుపు దగ్గర, ఆ ఆకు పండించిన ఆడవాళ్లు.

స్థలం కిసీ పట్టణంలోని పెద్ద హోటలు. చర్చనీయాంశం, మన చిన్సాగా ఆకుకూరలోని పోషక విలువలు.

పాఠకులారా, ఆకుకూరను తినడం శుద్ధ అనాగరికం! దానిని తెరమీద చూడవలెను. ఇనుము, కాల్షియం రంగురంగుల గీతలై నిటారుగా లేస్తుంటే ఎవరికి రక్తం పట్టదు? చేదు లేదు, నమిలే శ్రమ లేదు. ముందు వరుసవారు భోజనానికి ముందే నిగనిగలాడారు!

భోజనమా? బంగాళాదుంప వేపుడు, కోడి, క్యాబేజీ. చిన్సాగాను వడ్డిస్తే దాని గౌరవమేం కావాలి? అందుకే ఆ ఉదయం సంతలోని చిన్సాగానంతా కొని, కట్టలకు రిబ్బన్లు చుట్టి వేదిక మీద పేర్చారు.

ఇందువల్ల ఒక స్వల్ప అసౌకర్యం కలిగింది. మా కోడలు బోసిబోరికి ఈ వారమే కాన్పయింది. రక్తం బాగా పోయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. ఆసుపత్రివారు మాత్రలిచ్చి, ఆకుకూర కూడా పెట్టమన్నారు. బాలింతకు మేము పెట్టే కూర ఇదే. సంతలో ఆకు లేదు.

గెసారె వేదిక దగ్గరకు వెళ్లింది.

"నాయనా, రెండు కట్టలియ్యి, బాలింతకు. ఇవాళ ఉడకబెట్టి రాత్రంతా పాలల్లో ఉంచితేగానీ చేదు దిగదు."

"ముట్టుకోకమ్మా! ఫోటోలు కాలేదింకా," అన్నాడు ప్రతినిధి. "కావాలంటే మా పొడి కొనుక్కో."

"నిన్ను కన్నప్పుడు మీ అమ్మ పొడే తిన్నదా?"

తలుపు దగ్గర ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. సభామర్యాద కాపాడుటకై నేను దగ్గాను.

"మాస్టారూ, దగ్గడానికే వచ్చారా ఇంత దూరం?" అంటూ గెసారె వచ్చి నా పక్కన కూలబడింది.

ముగింపు ప్రార్థన నాకప్పగించారు. పెద్దవాడు ప్రార్థిస్తుండగా, ఆమెన్ వినబడకముందు కన్ను తెరిచే మనిషి మా ప్రాంతంలో ఇంకా పుట్టలేదు. నేనూ మూశాను, ఒక కన్ను.

గెసారె బుట్టతో లేచింది.

అంతట నాకు వాక్కు పొంగింది! అధికారి గారి కుటుంబం కొరకు, ప్రొఫెసర్ గారి తెర కొరకు, కంపెనీ అభివృద్ధి కొరకు, ఆనాటి కోళ్ల ఆత్మశాంతి కొరకు ప్రార్థించాను. ఒక కట్ట రిబ్బను ముడి మొండికేసింది. వానల కొరకు కూడా ప్రార్థించాను. ఆమెన్ అనేసరికి వేదిక బోసిపోయింది.

మామ కోడలి గదిలో అడుగుపెట్టరాదు గనుక, మర్నాడు గోడకు ఇవతల నిలబడి విన్నాను.

"అత్తా, ఇంకో ముద్ద పెట్టవా? కూర కూడా వెయ్యి."

సభవారు వందన సమర్పణలో ఒక పేరు విస్మరించారు. కావున, చిన్సాగాలోని పోషక విలువను ఆ రోజు ఒక మనిషి కడుపు దాకా చేర్చిన ఏకైక ప్రతినిధి శ్రీమతి గెసారె గారని ఇందుమూలముగా సగౌరవంగా నమోదు చేస్తున్నాను.