ఓడిపోతామని రాసిపెట్టు నాన్నా

ఫుటీ మ్యాచ్ చూడటం శుద్ధ దండగ. ఈ పత్రికలో పదకొండేళ్ళుగా కాలమ్ రాస్తున్నవాడిగా, పూర్తి బాధ్యతతో ఈ మాట అంటున్నాను. ఫలితం బుధవారమే చేతికొచ్చేస్తుంటే శనివారం దాకా ఆగడం ఎందుకండీ?

నిన్న గాక మొన్న విమానం దిగినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫుటీ అంటే ఈ ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. గ్రౌండ్‌కి ఈ చివర నాలుగు స్తంభాలు, ఆ చివర నాలుగు స్తంభాలు. నడిమి రెండు స్తంభాల మధ్యలోంచి తన్నితే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోకి వెళ్ళినా ఒక పాయింటు ఇస్తారు! గురి తప్పినవాళ్ళని కూడా ఉత్త చేతులతో పంపని దేశం ఇది. ఇలాంటి చోట జోస్యం చెప్పేవాళ్ళు వర్ధిల్లడంలో వింతేముంది?

మా అమ్మాయి తన్మయి క్లేటన్‌లో యూనివర్సిటీలో చదువుతోంది. యూనివర్సిటీ అంటే ఒప్పుకోదు, ‘యూని’ అనాలట. అక్కడి ఆడపిల్లల ఫుటీ జట్టు పేరు క్లేటన్ కూకబరాస్. అందులో మా అమ్మాయిది ఇరవై మూడో నంబరు. ఈ యూని జట్ల పోటీల కోసమే ‘సాటర్డే సైరన్’ అని ఒక ఆన్‌లైన్ షో ఉంది. ప్రతి బుధవారం సాయంత్రం అందులో నలుగురు నిపుణులు కూర్చుని, శనివారం ఎవరు గెలుస్తారో తేల్చేస్తారు.

ఆ నలుగురినీ పరిచయం చేయడం నా అదృష్టం. మొదటాయన మాజీ ఆటగాడు. మూడుసార్లు విరిగిన ముక్కే ఆయన అర్హత. రెండో ఆవిడ లాప్‌టాప్ తెరిచి పోయినేడాది అంకెలు చదువుతుంది. మూడోది కంప్యూటర్ ప్రోగ్రామ్. నాలుగోది బిస్కట్. అంటే తినేది కాదు, లాబ్రడార్ జాతి కుక్క. దాని ముందు రెండు జట్ల రంగులతో రెండు గిన్నెలు పెడతారు. ఏ గిన్నెలో ముందు మూతి పెడితే ఆ జట్టు గెలిచినట్టు!

నవ్వకండి. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని చదివితే బుద్ధిగా తలూపి, ప్రసాదం తిని ఇంటికి వచ్చేవాళ్ళం మనం. కుక్కని వెక్కిరించే హక్కు మనకెక్కడిది?

ఈ జోస్యాల వల్ల కలిగే మేలు అంతా ఇంతా కాదు. మేముండేది టార్నీట్‌లో. అమ్మాయి ఆడేది క్లేటన్‌లో. ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకి, వంతెన ఎక్కి దిగి, ట్రాఫిక్‌లో ముక్కుతూ మూలుగుతూ వెళ్ళాలి. తీరా వెళ్ళాక చలిలో, వానలో, ఫెన్సింగ్ పట్టుకుని రెండున్నర గంటలు నిలబడాలి. అదే బుధవారం నాడు సోఫాలో కూర్చుని పావుగంట షో చూస్తే? ఓటమి ఖాయమని తెలుస్తుంది, శనివారం పగలంతా కలిసొస్తుంది!

అసలు ఈ పద్ధతిని ఫుటీతో ఆపేయడమే మన పొరపాటు. పెళ్ళిచూపులకి అటూ ఇటూ తిరగడమెందుకు? రెండు గిన్నెల మీద ఇద్దరబ్బాయిల ఫొటోలు అంటించి బిస్కట్‌ని వదిలితే సరిపోదూ? పిల్లల పరీక్షలు రద్దు చేసి, పోయినేడాది మార్కులే మళ్ళీ వేసేస్తే టీచర్లకి ఎంత విశ్రాంతి! విరిగిన ముక్కు ఆయన్ని మన తెలుగు సంఘం ఎన్నికలకి పిలిస్తే, ఓట్లు లెక్కపెట్టేటప్పుడు కుర్చీలు విరిగే అవసరమే ఉండదు.

ఈ సంవత్సరం మొదటి మ్యాచ్ సంగతి చెబుతాను. కూకబరాస్ యాభై పాయింట్ల తేడాతో ఓడిపోతారని నలుగురూ ఏకగ్రీవంగా తీర్మానించారు. పోయినేడాది అట్టడుగున నిలిచిన జట్టు కాబట్టి ఈ ఏడాదీ అంతే అన్నమాట. అదే శనివారం టార్నీట్‌లో మా రాజారావు కొత్తింటి గృహప్రవేశం. గ్రౌండ్‌కి వెళ్ళకపోతే అమ్మాయి నొచ్చుకుంటుంది. భోజనానికి వెళ్ళకపోతే రాజారావు నొచ్చుకుంటాడు. నిపుణుల దయవల్ల దారి దొరికింది. హాఫ్ టైమ్ దాకా చూశాం. పన్నెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. ఇంకేముంది, అంతా చెప్పినట్టే జరుగుతోందని కారెక్కేశాం.

గరాజ్ ముందు వేలాడుతున్న దిష్టి గుమ్మడికాయని దాటి లోపలికెళ్ళి, నేను రెండో బొబ్బట్టు మీద నెయ్యి వేసుకుంటుండగా ఫోన్ మోగింది.

“నాన్నా! వుయ్ వన్! లాస్ట్ మినిట్‌లో నేనే కొట్టాను. మై ఫస్ట్ గోల్ ఎవర్! చూశావా?”

సందర్భానికి తగిన సమాధానం చెప్పి ఫోన్ పెట్టేశాను. బొబ్బట్టు మాత్రం పూర్తి చేయలేకపోయాను.

బుధవారం నిపుణులు ఏమన్నారో తెలుసా? “ఇది సంచలనం, మళ్ళీ జరగదు” అన్నారు. రెండో వారం ఓడతారన్నారు, గెలిచారు. సంచలనం! మూడో వారం, సంచలనం. ఇలా వరసగా ఎనిమిది వారాలు ఒకే సంచలనం జరిగింది. తొణికితే ఒట్టు! ఓడిపోతారన్న నోటితోనే, వీళ్ళు ఎందుకు గెలిచారో వివరించారు. తప్పు చెప్పినా కుర్చీ కదలని ఉద్యోగం ఇంకెక్కడైనా ఉందా? మా ఆఫీసులో నేను డ్రాయింగ్‌లో ఒక్క పైపు వంకరగా గీస్తే మూడు మీటింగులు పెడతారు.

నాలుగో వారం విరిగిన ముక్కు ఆయన ఒక మాట అన్నాడు. “నంబర్ ట్వెంటీ త్రీ మరీ పొట్టి. ఈ లెవెల్‌కి సరిపోదు.”

ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఆ ముక్కు నాలుగోసారి కూడా విరిగితే బాగుండునని తండ్రిగా మనస్ఫూర్తిగా కోరుకున్నాను. కాలమిస్టుగా మాత్రం ఆయన విశ్లేషణని గౌరవిస్తున్నాను.

ఇంతకీ ఆ నలుగురిలో ఒక్కరైనా గ్రౌండ్‌కి వచ్చారా? మొదటి శనివారం తర్వాత మేం ఒక్క మ్యాచ్ మానలేదు, ఒక్క నిమిషం ముందు కదల్లేదు. మా ఆవిడ విద్యావతి రెండు డబ్బాల పులిహోర తెచ్చేది. హాఫ్ టైమ్‌లో ఇక్కడి పద్ధతి ప్రకారం నారింజ తొనలు పంచుతారు. ఇప్పుడు ఆ పక్కనే ‘ఎల్లో రైస్’ కూడా పంచుతున్నారు. ఫెన్సింగ్ పొడుగునా ఎంత వెతికినా మాకు నిపుణులు కనిపించలేదు. బిస్కట్ కూడా కనిపించలేదు, దానికైనా పులిహోర పెట్టేవాళ్ళం.

ఇక్కడే నేను జోస్యాలకి అసలైన భక్తుణ్ణి అయ్యాను. కూకబరాస్ కోచ్ కరోలిన్ అని ఒక గట్టి మనిషి. ప్రతి బుధవారం నిపుణుల మాటలన్నీ పెద్దక్షరాల్లో ప్రింట్ తీసి, డ్రెస్సింగ్ రూమ్ గోడకి అంటిస్తుంది. ‘యాభై పాయింట్ల తేడాతో ఓటమి.’ ‘మరీ పొట్టి.’ పిల్లలు గ్రౌండ్‌లోకి వెళ్ళేముందు ఒక్కొక్కరే ఆ కాగితాల మీద అరచేత్తో చరిచి వెళ్తారు. మనం గడప దాటేముందు దణ్ణం పెట్టుకోమూ? అలాగన్నమాట. ఎనిమిది వారాలు, ఎనిమిది గెలుపులు. జోస్యం ఎంత గొప్ప వరమో ఇంకా సాక్ష్యం కావాలా?

ఈ శనివారం ఫైనల్.

మొన్న బుధవారం నేనూ విద్యావతీ టీ కప్పులతో షో ముందు కూర్చున్నాం. విరిగిన ముక్కు ఆయన గొంతు సవరించుకుని, “కూకబరాస్ గెలుస్తారు” అన్నాడు. లాప్‌టాప్ ఆవిడ ఔనంది. కంప్యూటర్ డెబ్బై ఎనిమిది శాతం అంది. బిస్కట్ మీద ఆశ పెట్టుకున్నాను. అది పరుగున వచ్చి, కూకబరాస్ గిన్నెలో చెవుల దాకా మునిగింది!

“అయిపోయింది,” అంది విద్యావతి కప్పు కింద పెట్టి. “నలుగురి కళ్ళూ పిల్ల మీదే పడ్డాయి.”

అయిదు నిమిషాల్లో తన్మయి ఫోన్.

“నాన్నా, గోడ మీద అంటించడానికి ఏమీ లేదు! కరోలిన్ ఈజ్ ఫ్రీకింగ్ అవుట్. ఎవ్రీబడీ థింక్స్ వుయ్‌ల్ విన్. దిస్ ఈజ్ టెరిబుల్.”

“అయ్యో. ఇప్పుడేం చేద్దామమ్మా?”

“నువ్వు కూడా మీడియానే కదా నాన్నా?”

పాఠకులారా, కాస్త ఆగండి, నన్ను కళ్ళు తుడుచుకోనివ్వండి. తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాని పిల్ల అది. పదకొండేళ్ళలో నేను రాసిన ఒక్క ముక్క కూడా చూడలేదు. ఇంటికొచ్చిన స్నేహితులకి ‘మా డాడ్ టైప్ చేస్తుంటారు’ అని పరిచయం చేసేది. ఆ పిల్ల నన్ను మీడియా అంది!

“నీ కాలమ్‌లో మేం ఓడిపోతామని రాసిపెట్టు నాన్నా. బిగ్ మార్జిన్. అమ్మ ఫోన్‌లో చదివితే నేను ఇంగ్లీషులో పెట్టి గోడకి అంటిస్తాను. ప్లీజ్.”

స్పీకర్‌లో వింటున్న విద్యావతి భగ్గుమంది.

“ఏవండీ, మీకేమైనా మతి పోయిందా? కన్న తండ్రి చేత్తో పిల్ల ఓడిపోతుందని రాస్తారా? పైన తథాస్తు దేవతలుంటారు!”

“తథాస్తు దేవతలకి వ్యంగ్యం అర్థం కాదంటావా?”

“మీది పదకొండేళ్ళుగా నాకే అర్థం కాలేదు. వాళ్ళకేం అర్థమవుతుంది?”

“అమ్మా,” అంది తన్మయి ఫోన్‌లోంచి, “బేబీకి బ్లాక్ డాట్ పెడతావు కదా. పాపం బేబీ అగ్లీ అయిపోవాలనా?”

విద్యావతి టీ కప్పులు రెండూ చేతిలోకి తీసుకుంది. ఇరవయ్యేళ్ళ కిందట ఆ పిల్ల బుగ్గ మీద రోజూ కాటుకతో దిష్టి చుక్క పెట్టిన చెయ్యి అది. “మరీ ఎక్కువ తేడా వెయ్యకండి,” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాబట్టి నిపుణులారా, మీతో నా అసలు గొడవ ఇదీ. మీరు తప్పు చెబుతారని కాదు. తప్పు చెప్పినన్నాళ్ళూ మీ అంత మేలు చేసినవాళ్ళు మాకు లేరు. ఇన్నాళ్ళూ మా పిల్లల వైపు కన్నెత్తి చూడకుండా, తీరా ఫైనల్ ముందు అందరూ కట్టగట్టుకుని దిష్టి పెట్టారే, అదీ నా కడుపుమంట. మా పిల్లల మీద నమ్మకం పెట్టుకునే పని ఫెన్సింగ్ దగ్గర తడిసినవాళ్ళది. దాన్ని సోఫాలో కూర్చుని లాక్కుంటారా?

సరే, మీరు చేయని పని నేను చేస్తున్నాను. రాజారావు గరాజ్ ముందు గుమ్మడికాయ వేలాడినట్టు, ఈ శనివారం క్లేటన్ డ్రెస్సింగ్ రూమ్‌లో నేను వేలాడతాను. విద్యావతీ, ఇక్కడి నుంచి కాస్త గట్టిగా చదువు.

కూకబరాస్ నలభై పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడిపోతారు. కోచ్‌కి వ్యూహం లేదు. జట్టుకి ఊపిరి లేదు. ఇక ఇరవై మూడో నంబరు. పొట్టి, మొండి, తండ్రి మాట ఏనాడూ వినలేదు. గోల్ కొట్టే అవకాశం సున్నా. ఇది నా నిష్పాక్షికమైన, నిపుణుల స్థాయి విశ్లేషణ.

ఇంకొక్క ముక్క ఉందమ్మా తన్మయీ, ఇది గోడకి కాదు, నీకు. మొదటి వారం నీ గోల్ చూశావా అని అడిగితే చూశానన్నాను. గోల్‌పోస్ట్ వెనకే నిలబడ్డామని కూడా చెప్పాను. చూడలేదమ్మా. నువ్వు ఓడిపోతావని వాళ్ళు చెబితే నమ్మి, హాఫ్ టైమ్‌కే వెళ్ళిపోయాను. అప్పుడు నా చేతిలో బొబ్బట్టు ఉంది.

ఈ శనివారం ఆఖరి సైరన్ మోగేదాకా ఫెన్సింగ్ వదలను. నలభై పాయింట్లతో ఓడిపోతావని రాసినవాణ్ణి నేనే అయినా సరే, నమ్మను.