మూడో వరసలో దగ్గు

వయొలిన్ కనిపెట్టినవాడు బ్రహ్మచారి అయి ఉంటాడని నా గట్టి నమ్మకం. పెళ్ళయి, పిల్లలు పుట్టి, వాళ్ళు రోజూ సాయంత్రం పక్క గదిలో దాన్ని సాధన చేస్తారని ముందే తెలిసుంటే, ఆ మహానుభావుడు ఆ చెక్కతో ఓ పీట చేయించుకుని హాయిగా దానిమీద కూర్చునేవాడు.

మా అమ్మాయిగారు ఆ వయొలినే నేర్చుకుంటున్నారు. వయసు పదేళ్ళు. ఇంట్లో 'చిన్నమేడమ్' అంటాం. పెద్దమేడమ్ ఒకావిడ ముందునుంచీ ఉన్నారు కాబట్టి ఈ ఏర్పాటు. ఆ పెద్దమేడమ్ నా భార్య, పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. దవడ పట్టుకుని మూలుగుతూ వచ్చేవాళ్ళని "కూర్చోండి, పిలుస్తాను" అని ఒక్క మాటతో నోరు మూయించడం ఆవిడ ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ ఉద్యోగం దిగదు.

నేను ఆడిటర్ని. ఒకళ్ళు ఏడాదంతా కష్టపడి చేసిన పనిలో తప్పులు పట్టుకోవడానికి నాకు జీతం ఇస్తారు. నేను గుమ్మంలో అడుగుపెడితే ఎంతటి మేనేజరు చేతిలోనైనా టీకప్పు వణుకుతుంది. ఇంట్లో మాత్రం నా టీ నేనే పెట్టుకుంటాను.

కిందటేడు చిన్నమేడమ్ సంగీతం పరీక్ష తప్పింది. వాళ్ళ మాస్టారు మా ఇద్దర్నీ పిలిపించాడు. ఆయన్ని నేను చిటికెల మాస్టారు అంటాను. చిటికె వెయ్యకుండా ఆయన ఒక్క వాక్యం కూడా పూర్తి చెయ్యలేడు. చివరికి టీలో పంచదార కూడా తాళం ప్రకారమే కలుపుతాడు.

"అమ్మాయికి మంచి చెవి ఉంది." చిటికె. "చెయ్యీ ఉంది." చిటికె. "ఇంట్లో సాధన లేదు. రోజూ ఓ గంట వాయించాలి, అమ్మో నాన్నో పక్కన కూర్చోవాలి. ఈసారి కూడా తప్పితే ఇంక నా దగ్గరికి పంపకండి. చోటు కోసం బోలెడుమంది పిల్లలు కాచుక్కూర్చున్నారు." దానికి మాత్రం రెండు చిటికెలు వేశాడు.

తిరిగొచ్చేటప్పుడు చిన్నమేడమ్ వయొలిన్ పెట్టెని గుండెలకి అదుముకుని నడిచింది. పెట్టె బరువుగా ఉందేమో అనుకుని, "ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటా" అన్నాను. ఇవ్వలేదు.

"రోజూ మీరే కూర్చోండి," అని ఆ సాయంత్రమే తీర్పు చెప్పింది మా ఆవిడ.

"నాకు సంగీతం రాదుగా?"

"మీరు తనిఖీకి వెళ్ళే కంపెనీల వ్యాపారం మీకొచ్చా? అయినా వెళ్ళి వాళ్ళ తప్పులు రాసి రావడం లేదూ? తప్పులు పట్టడం మీకు వెన్నతో పెట్టిన విద్య. వెళ్ళండి."

వెళ్ళాను. కుర్చీ వేసుకుని, కాలు మీద కాలేసుకుని, ఆఫీసు కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. చిన్నమేడమ్ గడ్డం కింద వయొలిన్ ఆనించి, కమాను పైకెత్తింది.

"ఆగు."

"ఇంకా మొదలే పెట్టలేదు నాన్నా!"

"ఆ కమాను అంత పొడుగుంది కదా, నువ్వు సగమే వాడుతున్నావేం? మిగతా సగం దండగేగా?"

"మాస్టారు ఇక్కడ సగమే వాడమన్నారు."

"మాస్టారు సవాలక్ష అంటారు. సరే, కానియ్యి. ఆగు. ఆ శబ్దమేంటి? కుర్చీ ఈడ్చినట్టుంది. మళ్ళీ. ఆగు! తప్పు."

ఇలా రోజూ గంటసేపు సాగేది. పిల్ల మొదటి వరస దాటి రెండో వరసలో కాలు పెట్టడం, నేను "తప్పు" అనడం, మళ్ళీ మొదటికి రావడం. పాటలో మొత్తం నాలుగు వరసలున్నాయట. మిగతా రెండూ మా ఇంట్లో ఎవరూ విన్న పాపాన పోలేదు. నాకు మాత్రం రోజూ తలనొప్పి, దానికి తోడు మా ఆవిడ పలకరింపు.

"ఎలా ఉందండీ పిల్ల వాయిద్యం?"

"ఏముంది! పద్దు రెండో లైన్లోనే బోల్తా."

"మీరు పక్కనుండి కూడానా? ఆశ్చర్యంగా ఉందే!" అనేది. ఆ గొంతులో ఎక్కడా ఆశ్చర్యం ఉండేది కాదు.

ఒకరోజు ఆఫీసునుంచి తొందరగా వచ్చేశాను. గది తలుపు వేసి ఉంది. లోపల చిన్నమేడమ్ ఒక్కతీ వాయించుకుంటోంది. మొదటి వరస అయింది, రెండోదీ అయింది, మూడో వరసలోకి పోయింది. అక్కడ ఒక్కచోట కమాను జారి కీచుమంది. అంతలో ఎవరో పార్సిలువాడు కాలింగ్ బెల్లు నొక్కాడు. పిల్ల అదేమీ పట్టించుకోకుండా పాట చివరిదాకా వాయించేసింది. నేను తలుపు బయట నిలబడి అంతా ఫోన్లో రికార్డు చేశాను. మెచ్చుకోవడానికి అనుకునేరు, ఆ మూడో వరస తప్పుకి రుజువు ఉండాలి కదా! రుజువు లేకుండా మాట్లాడడం మా వృత్తిలో లేదు.

ఆ మర్నాడు తలనొప్పి మరీ ఎక్కువగా ఉంది. అప్పుడు తట్టింది నాకు. ఫోన్లో పాట ఉంది. తలుపుకి గడియ ఉంది. వంటింట్లో మా ఆవిడకి కావలసింది వయొలిన్ చప్పుడే కానీ వయొలిన్ కాదు.

గడియ పెట్టి చిన్నమేడమ్‌కి విషయం చెప్పాను.

"మరి నేనేం చెయ్యాలి?"

"నీ ఇష్టం. బొమ్మలు గీసుకో."

"నువ్వు రోజూ నా వయొలిన్ వినవా?"

"వినను."

"ఒట్టు?"

"ఒట్టు. అమ్మకి చెప్పకూడదు మరి."

పిల్ల మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. పని ఎగ్గొట్టడంలో అచ్చం నా పోలికే అని లోలోపల మురిసిపోయాను.

ఆ సాయంత్రం ఫోను పాడింది, చిన్నమేడమ్ బొమ్మలేసుకుంది, నేను కాళ్ళు చాపుకుని పడుకున్నాను. సంగీతం ఇంత సుఖంగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. మూడో వరసలో కీచుమంది. వెంటనే టింగ్‌టాంగ్ మంటూ బెల్లు మోగింది.

బయట మా ఆవిడ చెప్పుల చప్పుడు, తలుపు తీసిన చప్పుడు.

"ఎవరూ లేరండీ!" అని కేక.

"ఎవరో కొంటె వెధవ అయి ఉంటాడులే!" అని లోపల్నుంచే జవాబిచ్చాను.

మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. మూడో వరస, కీచు, బెల్లు, చెప్పులు, "ఎవరూ లేరండీ!"

బెల్లుని కత్తిరిద్దామని ఫోన్లో ఏదో నొక్కబోతే, "మొత్తం చెరిపెయ్యమంటారా?" అని అడిగింది అది. భయమేసి మానుకున్నాను. ఇంకోసారి వాయించవే, కొత్తగా రికార్డు చేస్తానని చిన్నమేడమ్‌ని బతిమాలాను. నేను ఎదురుగా కూర్చునేసరికి మళ్ళీ రెండో వరసలోనే చతికిలపడింది. పిల్లకి బొత్తిగా నిలకడ లేదని తేల్చేశాను.

"వైరింగ్ పాడై ఉంటుందోయ్," అన్నాను ఒకరోజు భోజనాల దగ్గర.

మా ఆవిడ మర్నాడే ఎలక్ట్రీషియన్ని పిలిపించి బెల్లు గోడనుంచి ఊడదీయించింది. దాన్ని తెచ్చి, తుడిచి, నా కంచం పక్కన పెట్టింది. "ఇంక మోగితే చూస్తాను," అంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. గోడకి లేని బెల్లు ఆ సాయంత్రం గదిలోంచి మోగితే ఏం చెప్పను? ఆలోచించగా ఒకే దారి కనిపించింది. మూడో వరసలో కీచుమనగానే గట్టిగా దగ్గడం మొదలుపెట్టాను. ఇల్లదిరిపోయేలా దగ్గితే బెల్లు అందులో కలిసిపోతుంది. కలిసిపోయింది కూడా.

కానీ మా ఆవిడ చెవులు మామూలువి కావు.

"ఏమండీ, మీకు రోజూ ఆ పాటలో ఒక్కచోటే దగ్గొస్తోందేంటి?"

"సంగీతానికి నా ఊపిరితిత్తులు కదిలిపోతున్నాయి."

"కదలకుండా మందు తెస్తాను," అని నల్లటి మందుసీసా తెచ్చింది. దాని చేదు గురించి ఏం చెప్పమంటారు! నాలిక మీద పడగానే పుట్టినందుకు పశ్చాత్తాపం కలుగుతుంది. రోజూ గదిలోంచి బయటికి రాగానే చెంచాతో సిద్ధంగా ఉండేది. "నోరు తెరవండి. ఊఁ, మింగండి." క్లినిక్కులో రోగులు ఎందుకంత బుద్ధిగా ఉంటారో అప్పుడు అర్థమైంది నాకు.

అలా దగ్గుతూ, మింగుతూ పరీక్షరోజు దాకా వచ్చాం.

పరీక్ష జరిగే భవనంలో ఒక పొడుగాటి వరండా ఉంది. గోడవారగా కుర్చీలేసి తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టారు. ఆ మొహాలు చూడాలి! ఒకాయన పిల్లాడి చెవిలో "తొందరపడకు, తొందరపడకు" అని ఊపిరి తీసుకోకుండా చెబుతున్నాడు. ఒకావిడ కూతురి జడ మూడోసారి విప్పి అల్లుతోంది. జడ సరిగ్గా లేకపోతే శ్రుతి తప్పుతుందన్నట్టు! పిల్లల చదువు పిల్లలకి వదిలెయ్యలేని ఇలాంటి మనుషులంటే నాకు ఒళ్ళుమంట.

కానీ ఆరోజు వాళ్ళని ఏమైనా అనే ధైర్యం నాకు లేదు. నెలల తరబడి పిల్ల ఇంట్లో వయొలిన్ ముట్టుకోలేదు. గదిలోకి వెళ్ళి ఏం వాయిస్తుంది? బొమ్మ గీసి చూపిస్తుందా? మాస్టారు మాన్పించేస్తాడు. పెట్టెని గుండెలకి అదుముకుని నడిచిన పిల్ల గుర్తొచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చినంత పనైంది.

చిన్నమేడమ్‌ని పిలిచారు. వెళ్ళింది. తలుపు మూశారు.

"ఏమోయ్," అన్నాను నెమ్మదిగా, "ఒకవేళ పిల్ల తప్పిందే అనుకో..."

మా ఆవిడ పత్రికలోంచి తలెత్తలేదు. "ఎందుకు తప్పుతుంది? రోజూ గంటసేపు మీరు దగ్గర కూర్చున్నారుగా."

లోపల పాట మొదలైంది. మొదటి వరస జంకు లేకుండా వచ్చింది. రెండో వరస నిండుగా వచ్చింది. నేను కుర్చీ అంచుకి జరిగాను. మూడో వరస వచ్చింది. నెలల తరబడి నా చెవుల్లో పాతుకుపోయిన చోటు వచ్చింది. అక్కడ కీచుమనాలి. కీచుమనలేదు. ఏదో వేరే స్వరం తీయగా పలికింది.

"ఆగు! తప్పు!" అని లేచి నిలబడి అరిచాను.

వరండా అంతా నావైపు తిరిగింది. నేను నోరు మూసుకునేలోపే బెల్లు మోగాల్సిన క్షణం వచ్చేసింది. నా ప్రమేయం లేకుండానే ఒంట్లోంచి దగ్గు తన్నుకొచ్చింది. వంగిపోయి, కుర్చీ పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేలా దగ్గాను. పాట మాత్రం ఆగలేదు. పిల్ల నాలుగో వరస కూడా వాయించి ముగించింది.

తలుపు తెరుచుకుంది. పరీక్ష చేసే ఆవిడ బయటికొచ్చింది. జుట్టు నెరిసినా చూపు నెరవని మనిషి.

"తప్పన్నది ఎవరు?"

అందరూ నన్నే చూపించారు. జడ అల్లే ఆవిడయితే లేచి నిలబడి మరీ చూపించింది.

"ఆ స్వరం సరైనదే. ఈమధ్య ఇంత శుభ్రంగా ఎవరూ వాయించలేదు. మీరు సంగీతం ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఇంట్లోనేనండీ," అంది మా ఆవిడ వినయంగా. "మా ఆయన రోజూ గది తలుపేసుకుని శ్రద్ధగా విన్నారు." ఆ మాటంటూనే చేతిసంచీ తెరిచి నల్ల మందుసీసా, చెంచా బయటికి తీసింది. "నోరు తెరవండి."

అంతమంది ముందు తెరిచాను. మింగాను. ఇంటినుంచే ఆ సీసా సంచీలో పెట్టుకుని వచ్చిందంటే ఏమిటి అర్థం? ఆలోచించేకొద్దీ చేదు పెరిగింది.

పిల్ల మంచి మార్కులతో నెగ్గిందని మధ్యాహ్నానికల్లా చిటికెల మాస్టారే వచ్చి చెప్పాడు. ఇంటికి నడుస్తూ వీధిలో మా ఆవిడని అడిగాను.

"నీకెప్పుడు తెలిసిందోయ్?"

"మొదటిరోజే. బెల్లు మోగినప్పుడు నేను గుమ్మంలోనే నిలబడి పక్కింటావిడతో మాట్లాడుతున్నాను. బెల్లు బటన్ నా భుజం పక్కనే ఉంది, దానిమీద ఎవరి వేలూ లేదు. మీరేమంటారో చూద్దామని చెప్పులు, తలుపు చప్పుడు చేసి మరీ 'ఎవరూ లేరండీ' అని కేకేశాను. ఆ రాత్రే పిల్లని అడిగితే అంతా చెప్పేసింది."

"మరి పిల్ల ఎక్కడ సాధన చేసింది?"

"బడి వదలగానే వయొలిన్ తీసుకుని మా క్లినిక్కుకి వస్తోందిగా. వెనక సామాను గదిలో వాయించుకునేది. డాక్టరుగారు ఎంత సంతోషించారో! వయొలిన్ వినిపిస్తుంటే రోగులకి డ్రిల్లు చప్పుడు తెలియడం లేదట."

"తెలిసినప్పుడే నన్ను నిలదీసి ఉండొచ్చుగా!"

"నిలదీస్తే మీరు ఫోను కట్టేసి మళ్ళీ పిల్ల వాయిద్యం వినడం మొదలుపెడతారు. ఆ గండం గడిచిందని నేను సంతోషిస్తుంటే, చేజేతులా చెడగొట్టుకుంటానా?"

చిన్నమేడమ్ నా చెయ్యి పట్టుకుంది. "నాన్నా, నువ్వు వింటుంటే నా వేళ్ళు బిగుసుకుపోతాయి. ఎక్కడ తప్పంటావో అనుకుంటే అక్కడే తప్పొస్తుంది. అక్కడ రోగులు ఏమీ అనరు."

"నోట్లో దూది ఉంటే ఏమంటారే!" అన్నాను రోషంగా. కానీ మనసులో గుచ్చుకుంది. పన్ను పీకించుకుంటున్నవాళ్ళు విన్నారు దాని పాట, నేను వినలేదు. ఇంటి మలుపు దగ్గర సిగ్గు చంపుకుని అడిగేశాను.

"నాకోసం ఒకసారి వాయిస్తావా?"

తల్లీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు ఖరీదు నాకు ఇప్పుడు తెలుసు.

"వాయిస్తా," అంది చిన్నమేడమ్, "క్లినిక్కులో లాగే."

ఇప్పుడు రోజూ సాయంత్రం చిన్నమేడమ్ మా ఇంట్లోనే వాయిస్తోంది, గది తలుపు తెరిచే ఉంటుంది. పాట మొదలయ్యే ముందు మా ఆవిడ నా నోట్లో చెంచాడు మందు పోస్తుంది. నాలుగో వరస పూర్తయ్యేదాకా మింగకూడదు, ఉమ్మకూడదు. నిన్న కొత్త పాటలో రెండో వరస దగ్గర కమాను జారింది. అది తప్పే, నాకు తెలుసు. బుగ్గలు పూరించుకుని మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఇంకో చెంచా నింపుతోంది. తల ఊపుతూ పాట చివరిదాకా విన్నాను.