ఆరోగ్యంగా ఉన్న ఎలుకలు

పురుగులకు తప్ప ఈ భూమ్మీద మరే ప్రాణికీ హాని చేయని పురుగుమందును రైతులందరికీ ఉచితంగా పంచబోతున్నామని వ్యవసాయ మంత్రిగారు ప్రకటించారు. శాస్త్రీయంగా నిరూపించాకే పంచుతామని కూడా అన్నారు. పంపిణీ తేదీ అప్పటికే ఖరారైంది కాబట్టి నిరూపణకు మూడు వారాలు మిగిలాయి. ఇంతటి శాస్త్రీయ దృక్పథం ఉన్న నాయకుడు దొరకడం మన అదృష్టం.

నిరూపించాల్సిన పెద్దమనిషి ప్రభుత్వ ప్రయోగశాలలో ఉన్నాడు. ఔషధశాస్త్రంతో మొదలుపెట్టి పురుగుమందుల విషప్రభావం దాకా ఇరవయ్యారేళ్లుగా ఎలుకలతోనే కాపురం చేస్తున్నాడు. ఆఫీసులో అందరూ ఎలుకల డాక్టరంటారు. ఇంట్లో భార్య కూడా అంతకన్నా మర్యాదగా ఏమీ పిలవదు. ఈ మందు మీద ఆయన నాలుగేళ్లు పనిచేశాడు. మందు కలిపిన నీళ్లు తాగిన ఎలుకలకు కాళ్లు వణికాయి, కాలేయాలు చెడిపోయాయి. ఉత్త నీళ్లు తాగినవి, అంటే కంట్రోల్ గ్రూపు, నిక్షేపంలా ఉన్నాయి.

ఎలుకల సంగతి అలా ఉంచితే, ఆయన సొంత తమ్ముడు వ్యవసాయం చేస్తాడు. పోయినేడు ట్రయల్ కోసమని మందు తయారుచేసే కంపెనీ ఇచ్చిన ఆ మందే చల్లి, ఇప్పుడు చొక్కా గుండీ తనంతట తాను పెట్టుకోలేకపోతున్నాడు.

"నువ్వు చెప్పావు కాబట్టి నేను మానేశాను అన్నయ్యా. పక్క చేలవాళ్లు నీ మాట వినరు. వాళ్లు కొడితే గాలికి నా మీదే పడుతుంది. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం ఒక్కటి పంపు, చూపిస్తాను" అన్నాడు ఫోన్లో.

డాక్టరుకి గుండె చెరువైంది. రెండు వందల పేజీల రిపోర్టు రాసి, ముద్ర వేయించి, మంత్రిగారికి పంపాడు. మంత్రిగారు దాన్ని చదివారు. స్వయంగా చదివారు. ఆ శాఖలో ఇలాంటిది జరిగినట్టు ఎవరికీ గుర్తులేదు. వెంటనే డాక్టరుకి కబురొచ్చింది.

"మీ రాతలో నిరాశ ఎక్కువ డాక్టరుగారూ. ఇందులో ఆరోగ్యంగా ఉన్న ఎలుకలున్నాయా, లేవా?"

"అరవై ఉన్నాయండీ. కానీ వాటికి మందివ్వలేదు."

"ఎందుకివ్వలేదని నేనడిగానా?"

అరవై ఎలుకలు మన ప్రయోగశాలలో నిక్షేపంలా ఉంటే ఆ మాట జనానికి చెప్పకపోవడం ద్రోహమన్నారు మంత్రిగారు. పక్కనే నిలబడ్డ ప్రయోగశాల డైరెక్టరు అది ద్రోహం కాదు, మహాద్రోహమని సవరించాడు. దాంతో రిపోర్టు రెండు సంపుటాలైంది. మొదటిది కంట్రోల్ గ్రూపు గురించి. రంగుల అట్టతో లక్ష కాపీలు వేశారు. రెండోది కాన్ఫిడెన్షియల్, ఒక్కటే కాపీ, మంత్రిగారి దగ్గరుంటుంది. డాక్టరు నోటు పుస్తకాలూ కంప్యూటరూ పట్టుకెళ్లి రసీదిచ్చారు. పద్ధతంటే పద్ధతే.

పంపిణీ రోజు అరవై ఎలుకలనూ వేదిక మీదికి తెచ్చారు. మంత్రిగారు ఒకదాన్ని ముద్దు చేయబోతే వేలు కొరికింది. ఎంత చురుగ్గా ఉందో చూడండని ఆయన మైకులో అనగానే హాలు చప్పట్లతో మార్మోగింది. ఎలుకల డాక్టరుకి జీవన సాఫల్య పురస్కారం ఇచ్చారు. మైకు చేతికొచ్చినప్పుడు నిజం చెప్పేద్దామనే అనుకున్నాడు. నోరు తెరిస్తే కృతజ్ఞతలు వచ్చాయి. తన మీద తనకే రోత పుట్టింది. కిందికి దిగేసరికి తమ్ముడు ఫోను చేసి, ఊళ్లో డబ్బాలు పంచారనీ, రేపు పొద్దున్నే అందరూ కొడతారనీ చెప్పాడు.

ఆ మధ్యాహ్నం మంత్రిగారింట్లో విందు. చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్లిన డాక్టరు గోడ ముందు ఆగిపోయాడు. రెండో సంపుటంలోని అసలు పేజీ, కాలేయాల పట్టికతో, ప్రభుత్వ ముద్రతో, అద్దం కింద బిగించి ఉంది.

"అయ్యగారు రోజూ నాచేత చదివిస్తారు సార్" అన్నాడు వంటవాడు. "బజారు కూరగాయ గడప దాటడానికి వీల్లేదు. పెరట్లో మందు లేకుండా పండిందే వండాలి. తేడా వస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

డాక్టరు కళ్లు చెమర్చాయి. ఇరవయ్యారేళ్లలో తన పరిశోధనను తు.చ. తప్పకుండా అమలుచేసిన ఇల్లు ఇదొక్కటే. తమ్ముడికి పంపుదామని గబగబా జేబులోంచి ఫోను తీశాడు.

వంటవాడు గోడకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఫొటోలొద్దు సార్. బయటివాళ్లెవరూ చూడకూడదట."