ఎర్రదారం కట్టిన మందారం

ఆ ఉదయం నర్సరీ ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పది గంటలకు ఉద్యాన అధికారి వచ్చేసరికి తన మందారం కుండీ పక్కన పెద్దమనిషిలా కూర్చోవడం. ఏడేళ్ళు ఆ రంగుకూ ఈ రంగుకూ జత కలిపి సాధించిన మొక్క అది. మబ్బు రంగు రేకులు, పసుపు అంచు. అధికారి చూసి సరేనంటే, కొత్త పూల రిజిస్టరులో సృష్టికర్తగా ఈయన పేరెక్కుతుంది. మందారం పూస్తే ఒక్కరోజే, అధికారి వచ్చేది ఏడాదికి ఒక్కసారే. ఆ రెండూ ఒకేరోజు కలిసొచ్చినందుకు వారం నుంచి ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు.

ఆ కాలే కొంప ముంచింది. పక్క నర్సరీవాడు గోడ మీద నుంచి కొమ్మ తుంచుకుపోతాడేమోనని అనుమానం పుట్టి, నిన్న సాయంత్రం ఆ కుండీని పనికిరాని మొక్కల మధ్య దాచాడు. రంగు కుదరని మొక్కలకు ఎర్రదారం కట్టి గేటు పక్కన పెట్టడం అక్కడి అలవాటు, ఎవరడిగినా ఇచ్చేస్తారు. మారువేషం పక్కాగా ఉండాలని దీనికీ ఎర్రదారం కట్టాడు. భార్యకు కూడా చెప్పలేదు.

పొద్దున చూస్తే గేటు పక్కన ఖాళీ నేల.

"ఎర్రదారం మొక్కలేవే?"

"వెనకవీధి కొత్త ఆఫీసువాళ్ళు కంచెకి కావాలంటే ఇచ్చేశానండీ. అయితే అందులో..." అంది భార్య.

మిగతా మాట వినే ఓపికే ఉంటే ఆయన ఆయనెందుకవుతాడు? తలకు పట్టించిన నూనెతోనే పరుగెత్తాడు.

ఆఫీసు గోడవారగా నలభై మందారం కుండీలు వరసగా ఉన్నాయి. తోటమాలి దారాలన్నీ తెంపేశాడు. ఆకులు ఒకటే, మొగ్గలు ఒకటే. కన్నబిడ్డలా పెంచానని ఊరంతా చెప్పుకున్న మొక్క ఏదో ఆయనకు తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. చచ్చిపోతూనే ఒక్కో మొగ్గనూ గోటితో విప్పి లోపలి రంగు చూడసాగాడు.

"ఏం పని సార్ అది?" అంటూ వాచ్‌మన్ వచ్చాడు.

నిజం చెబితే మంచి మొక్క ఉందని తెలిసి ఒక్కటీ ఇవ్వరని భయమేసింది. "వీటికి వేరుకుళ్ళు తెగులుందయ్యా. అన్నీ తీసుకెళ్ళిపోవాలి" అనేశాడు.

ఆ మాట విని లోపలి నుంచి మేనేజరమ్మ వచ్చింది.

"అంటుకుంటుందా?"

"గాలికే అంటుకుంటుందండీ."

"మరి మా పచ్చిక?"

"ఈపాటికి అంటుకునే ఉంటుంది."

నోరు ఒకసారి జారాక ఇక పట్టపగ్గాల్లేవు. ఆవిడ పచ్చిక చుట్టూ తాడు కట్టించింది, ఉద్యోగులను వెనక గుమ్మం నుంచి రమ్మంది, ఎవరికో ఫోన్ చేస్తూ లోపలికి వెళ్ళింది. ఈయనకు అవేవీ పట్టలేదు. కుండీలన్నీ ట్రాలీ ఆటోలో వేసుకుని పదింబావుకి ఇల్లు చేరాడు.

వంటింటి వరండాలో మబ్బు రంగు పువ్వు నిండుగా విచ్చుకుని ఉంది. దాని పక్కన భార్య, ఆ పక్కన అధికారి.

"ఇది... ఇక్కడికెలా..."

"ఇచ్చే ముందే తీసి పక్కన పెట్టాను. ఏడేళ్ళుగా రోజూ నీళ్ళు పోస్తున్నదాన్ని, దారం కట్టినంత మాత్రాన పోల్చుకోలేనా?" అంది భార్య.

ఆయన కళ్ళు చెమర్చాయి. అధికారి రిజిస్టరు మూశాడు.

"పువ్వు బ్రహ్మాండం. సంతకం పెట్టబోతుంటే మా ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మీ నర్సరీ మందారాలకు వేరుకుళ్ళట. తెగులున్న నర్సరీ మొక్కను నేను నమోదు చెయ్యకూడదు."

"అబద్ధమండీ. ఎవడో గిట్టనివాడు చెప్పుంటాడు."

"నర్సరీ యజమానే చెప్పాడట."

ఆయన ట్రాలీ వంక చూశాడు, నేల వంక చూశాడు. చూడటానికి ఇంకేమీ మిగల్లేదు.

"సార్, ఇది నర్సరీలో లేదు కదా, మా ఇంట్లో ఉంది," అంది భార్య నెమ్మదిగా. "పెంచింది నేను. కావాలంటే వేళ్ళు చూసుకోండి."

అధికారి కుండీ వంచి వేళ్ళు చూశాడు. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. రిజిస్టరు తెరిచి, సృష్టికర్త గడిలో ఆవిడ పేరు గుండ్రంగా రాసి, సాక్షి గడి చూపిస్తూ దాన్ని ఈయన ముందుకు తోశాడు.

ఈయన సంతకం పెట్టి, వృత్తి అన్నచోట కాసేపు ఆలోచించి, "తెగుళ్ళ నిపుణుడు" అని రాశాడు.